మగ పురుగును బుట్టలో పడేసే ద్విబంధం

తార్నాక నుంచి హబ్సిగూడ వైపు వెళ్తుంటే ఉప్పల్ రోడ్డు మీద భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ కనిపిస్తుంది. ఈ సంస్థ 1944లో మొదలైంది. ఇక్కడి పరిశోధనల్లో ఒకటి పత్తి రైతుకు బాగా తెలిసిన లింగాకర్షక బుట్టకు సంబంధించినది. ఆడ పురుగు మగదాన్ని పిలవడానికి వదిలే వాసనను, అంటే ఫెరోమోన్‌ను, కృత్రిమంగా తయారుచేయడమే ఆ పని. ఆ వాసన గుట్టు ఆల్కేన్లు, ఆల్కీన్ల పాఠంలోనే ఉంది.

ఈథేన్ అణువులో రెండు కార్బన్ల మధ్య ఉన్నది ఒకే బంధం. మిగతా చోటంతా ఆరు హైడ్రోజన్లతో నిండిపోతుంది. ఇది ఆల్కేన్. వంటగ్యాస్‌లోని ప్రొపేన్, బ్యూటేన్, కొవ్వొత్తిలోని పారఫిన్ మైనం ఈ కుటుంబానివే. అంటిస్తే మండుతాయి కానీ, మామూలుగా దేని జోలికీ పోవు. అవే రెండు కార్బన్లకు నాలుగే హైడ్రోజన్లుంటే మధ్యలో ద్విబంధం ఏర్పడుతుంది. అది ఇథిలీన్, అన్నిటికన్నా చిన్న ఆల్కీన్.

ఏది ఏదో తేల్చడానికి బ్రోమిన్ నీరు చాలు. పక్కనే ఉన్న ఉస్మానియా క్యాంపస్ విద్యార్థులకైనా, ఊళ్లోని జూనియర్ కాలేజీ పిల్లలకైనా ఇదే పరీక్ష. నీడలో ఆల్కేన్‌తో కలిపితే నారింజ రంగు పోదు. ఆల్కీన్‌తో కలిపి కుదిపితే ద్విబంధంలో ఒక బంధం తెగి, బ్రోమిన్ వచ్చి చేరుతుంది, రంగు పోతుంది. ఇదే సంకలన చర్య. వేల ఇథిలీన్ అణువులు ఇలాగే తమలో తాము కలిసిపోతే పాలిథిన్ తయారవుతుంది. లింగాకర్షక బుట్ట కింద వేలాడే సంచి అదే.

ద్విబంధానికి ఇంకో గుణముంది. ఏకబంధం చుట్టూ కార్బన్లు తిరగగలవు, ద్విబంధం చుట్టూ తిరగలేవు. అందుకే దానికి అటూ ఇటూ ఉన్న గొలుసు ముక్కలు ఒకే పక్కకైనా (సిస్), ఎదురెదురు పక్కలకైనా (ట్రాన్స్) ఉండిపోతాయి.

పత్తిని తొలిచే గులాబీ రంగు పురుగు ఫెరోమోన్‌లో 16 కార్బన్ల గొలుసు ఉంటుంది. చివర ఎసిటేట్ ఉండటం వల్ల అది అచ్చమైన ఆల్కీన్ కాదు కానీ, 7వ, 11వ కార్బన్ల దగ్గర ద్విబంధాలున్నాయి. మొదటిది ఎప్పుడూ సిస్. రెండోది దాదాపు సగం అణువుల్లో సిస్, సగంలో ట్రాన్స్. ఈ పాళ్లు బాగా తప్పితే మగ పురుగులు అంతగా రావు. ఆ పాళ్లలో చేసిన మందును చిన్న రబ్బరు ఎరలో నింపి బుట్టలో పెడతారు.

వరుసగా 3 రాత్రులు బుట్టకు 8 చొప్పున మగ పురుగులు పడితే నివారణ చర్యలు మొదలుపెట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తల సిఫారసు.