ఎండ పెంచే ఎత్తు

అహ్మదిలో జులై మధ్యాహ్నం 48 డిగ్రీలు ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. కువైట్‌లోనే మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదయింది. ఇంత ఎండలో బుల్లి విమానాలు ఎగురుతాయా అని మిత్రులు నన్ను అడుగుతుంటారు. పొట్టకూటికి సాఫ్ట్‌వేర్ సలహాలిచ్చినా, చిన్న విమానాలంటే నాకు మొదటినుంచీ మోజు. ఎగురుతాయి, కాని ముందు లెక్క వేసుకోవాలి అన్నది నా జవాబు. ఆ లెక్కేమిటో చూద్దాం.

ఉదాహరణకి సెస్నా 172 తీసుకుందాం. 1956లో అమ్మకానికి వచ్చిన ఈ రకం విమానాలు ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. ఇందులో 172 ఎస్ అనే మోడల్‌కి ఒకే పిస్టన్ ఇంజను, 180 హార్స్‌పవర్, నాలుగు సీట్లు. మొత్తం బరువు 1,157 కిలోలు మించకూడదు.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. కారుకైతే ఇంజను ఒక్కటే నీరసిస్తుంది. విమానానికి దెబ్బ మూడు చోట్ల తగులుతుంది: ఇంజనుకి అందే ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి తగ్గుతుంది, రెక్కలను మోసే గాలీ తగ్గుతుంది. అంటే నేల మీదే ఉన్నా కొండెక్కినట్టే. ఈ ఊహా ఎత్తునే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు.

ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, 1013 హెక్టోపాస్కల్ పీడనం. పీడనం ఒక్కో హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 27 అడుగులు, ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 120 అడుగులు కలపాలి. సముద్రమట్టంలో ఉన్న రన్‌వే మీద 998 పీడనం, 48 డిగ్రీలు అనుకుందాం. లెక్క 4,400 అడుగుల పైచిలుకు తేలుతుంది. మరి మన బేగంపేటో? అది అసలే 1,742 అడుగుల ఎత్తున ఉంది. పీడనం మామూలుగానే ఉన్నా, 42 డిగ్రీల ఎండలో అక్కడి లెక్క 5,400 దాకా వస్తుంది. విమానం దృష్టిలో హైదరాబాదు ఎండే గట్టిదన్నమాట!

టర్బోచార్జర్ లేని ఇంజను వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. కనుక 4,400 దగ్గర 180 కాస్తా 156కి దిగుతుంది. పైగా మీటరు 55 నాట్లు చూపేసరికి అసలు వేగం 59 దాకా ఉంటుంది. అంటే, తక్కువ బలంతో ఎక్కువ వేగం అందుకోవాలి. రన్‌వే ఎక్కువ పట్టేది అందుకే. మాన్యువల్ ప్రకారం పూర్తి బరువుతో, సముద్రమట్టంలో, సున్నా డిగ్రీల దగ్గర నేల మీద పరుగు సుమారు 860 అడుగులు. అదే 40 డిగ్రీలకు 1,150.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ పట్టిక 40 డిగ్రీలతో ఆగిపోతుంది, మన మధ్యాహ్నం ఆగదు. పరీక్షించని చోట ప్రోగ్రాము ఎలా నడుస్తుందో ఊహించి చెప్పడం మా వృత్తిలోనే తప్పు; ఇక్కడ పణం ప్రాణం. పైగా ఆ అంకెలు మంచి స్థితిలో ఉన్న విమానానివి, నేర్పరి పైలట్‌వి. అందుకే పుస్తకంలోని దూరానికి మరో సగం కలుపుకోమని పెద్దలు చెబుతారు.

ఇక బరువు. ఖాళీ విమానం 775 కిలోలు అనుకుంటే, మనుషులకూ ఇంధనానికీ మిగిలేది 382. టాంకులు నింపితే ఇంధనమే సుమారు 144. మిగిలిన 238 కిలోలలో ముగ్గురు పడితే గొప్ప. సీట్లు నాలుగున్నాయని నలుగురూ ఎక్కడం కుదరదు.

మరి ఉపాయం? తెల్లవారుజామున 32 డిగ్రీలుంటే ఇదే రన్‌వే లెక్క 2,500కి దిగుతుంది. ఇంధనం అవసరానికి తగినంతే, అదనంగా కొంత నిల్వతో పోసుకోవచ్చు. గాలి పలచబడ్డప్పుడు మాన్యువల్ చెప్పినట్టు ఇంధన మిశ్రమాన్ని పలచన చేస్తే పోయిన శక్తిలో కొంత తిరిగి వస్తుంది.

మీ పిల్లలు పైలట్ శిక్షణకి వెళతామంటే ఆ విమానానికి కొత్త రంగు, పెద్ద తెరలు ఉన్నాయా అని చూడకండి. దాని అసలు ఖాళీ బరువెంత, రన్‌వే పొడవెంత, ఎన్ని డిగ్రీలు దాటితే ఎగరడం ఆపేస్తారు అని అడగండి. మూడో ప్రశ్నకి తడుముకోకుండా అంకె చెప్పే చోట చేర్పించండి.