‘ఫార్మాట్‌’ నొక్కితే పెళ్లి ఫొటోలు గోవిందా!

మాఘమాసం ముహూర్తాలు వచ్చాయంటే పల్లెల్లో ఫొటోగ్రాఫర్లకు తీరిక ఉండదు. తీసిన ఫొటోలను కంప్యూటరుకు ఎక్కించేందుకు రెండు మూడు వందలకు దొరికే కార్డు రీడరే వారికి ఆధారం. కెమెరాకే తీగ తగిలిస్తే దాని బ్యాటరీ కాస్తా ఖర్చవుతుంది.

అయితే పాత రీడర్లతో ఒక చిక్కుంది. ఇటీవల మా ప్రాంతంలో ఒక పెళ్లి కార్డును అలాంటి రీడరులో పెట్టగా, ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగింది. పనికుర్రాడు సరేనని నొక్కబోయాడు. తలంబ్రాలు, అప్పగింతలు, మంచం దిగలేని తాతగారు అక్షింతలు వేస్తున్న ఫొటో అన్నీ అందులోనే ఉన్నాయి. మరో ప్రతి లేదు. స్టూడియో యజమాని చేయి పట్టుకుని ఆపారు. కొత్త రీడరు తెచ్చి పెడితే ఫొటోలన్నీ క్షేమంగా వచ్చాయి.

పాడైంది కార్డు కాదు. అది 64 జీబీది. 32 జీబీ దాటిన కార్డులు 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ రకం. అంతకు ముందరి రీడర్లు కొన్ని వీటిని చదవలేవు. రీడరు కొనేటప్పుడు ఆ అక్షరాలు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

కార్డు పక్కనున్న బుల్లి మీటను ‘లాక్‌’ వైపు జరిపితే చాలా రీడర్లలో చెరపడానికి వీలుండదు. ఒకవేళ పొరపాటున చెరిగినా, ఆ కార్డుతో మళ్లీ ఫొటోలు తీయకుండా పక్కన పెడితే రాబట్టుకునే అవకాశం ఉంటుంది.