పత్తి చేల నడుమ మెత్తని బట్ట

పత్తి ఏరే రోజుల్లో బిచ్కుంద చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే ఆటోల్లో చేలకు పోయే ఆడవాళ్లను చూడండి. చీర కన్నా ముందు, దాని మీద తొడుక్కున్న చొక్కా కనిపిస్తుంది. ఇంటాయనదో కొడుకుదో పాత పొడుగుచేతుల చొక్కా. విచ్చుకున్న పత్తికాయ మొనలు ఎండి ముళ్లలా తయారవుతాయి, మణికట్టు నుంచి మోచేతి దాకా గీసి పెడతాయి. చొక్కా ఆ చేతుల్ని కాపాడుతుంది. దాని కింద చీర మాత్రం చాలామందికి పాలిస్టరే. నడుముకు కట్టుకున్న ఒడినిండా తెల్లటి పత్తి, ఆ ఒడి గుడ్డ పాలిస్టరు. ఆ పత్తి మద్నూరు జిన్నింగు మిల్లుకు పోతుంది. దాన్ని ఏరిన మనిషి మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని వీపుకు అంటుకున్న చీరను రెండు వేళ్లతో లాగి విడదీసుకుంటుంది.

ఆడవాళ్ల బట్టల గురించి పత్రికల్లో రాసేదంతా పెళ్లి చీరలు, పండుగ చీరలు, మగ్గం వర్కు జాకెట్ల గురించే. అవి ఏడాదికి పది రోజులు కడతాం. తక్కిన రోజులన్నీ వంటింట్లో, చేలో, బడిలో, బస్సులో గడిచిపోతాయి. ఆ రోజులకు కట్టే బట్ట ఒంటికి హాయిగా ఉండాలి, అద్దంలో చూసుకుంటే మనసుకు నచ్చాలి. రెండూ కావాలనుకోవడం గొంతెమ్మ కోరిక కాదు. మా అమ్మమ్మ తరానికి ఆ రెండూ ఉండేవి.

తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినబడే మూల మా బిచ్కుంద. జిల్లా పేరు కామారెడ్డి అయినా చీరకట్టు తీరు మాత్రం దెగ్లూరు వైపు, బీదరు వైపు చూస్తుంది. పెద్దవాళ్లలో ఇప్పటికీ తొమ్మిది గజాల చీరకు కాసె పోసి కట్టేవాళ్లు ఉన్నారు. దాన్నే లుగడ అని కూడా అంటారు. అమ్మమ్మది ఇర్కల్ చీర. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ఇల్కల్ ఊరు దాని పుట్టిల్లు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒళ్లంతా నూలు, కొంగుకు మాత్రం పట్టు. ఒంటి పడుగు పోగుల్ని కొంగు పడుగు పోగులతో ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతారు. ఎర్ర కొంగు మీద తెల్లటి గోపురాల వరస వస్తుంది. ఆ నేతలో నాకు నచ్చేది దాని తెలివి. రోజంతా చర్మానికి తగిలే చోట నూలు, నలుగురికీ కనబడే చోట పట్టు. సుఖం, సింగారం రెండింటికీ ఒకే చీరలో చోటు పెట్టారు.

ఒకసారి అమ్మమ్మను అడిగాను, పట్టుచీర ఎందుకు కట్టవని. "పట్టుచీర పెట్టెల ఉంటది బిడ్డా, ఒంటి మీద ఉండేది ఇదే" అంది.

నూలు ఎందుకు హాయి అంటే, అది తడిని తాగుతుంది. మామూలు గాలిలోనే నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమను పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టరు అర శాతం కూడా పట్టదు. అందుకే ఎండాకాలం మధ్యాహ్నం పాలిస్టరు చీర కట్టుకుని పొయ్యి ముందు నిలబడితే చెమట ఎటూ పోక ఒంటి మీదే నిలుస్తుంది. మరి ఆడవాళ్లు అదే ఎందుకు కొంటారు? ఇస్త్రీ అక్కర్లేదు, తొందరగా ఆరుతుంది, రంగు పోదు, ధర తక్కువ. పొద్దున నాలుగింటికి లేచే మనిషికి ఈ నాలుగూ చిన్న విషయాలు కావు. వాళ్లను తప్పుపట్టను. కానీ మెత్తని నూలు చీరకు గంజి పెట్టాలనీ ఇస్త్రీ చేయాలనీ రూలేం లేదు. మల్మల్ చీరను ఉతికి, తడిగా ఉండగానే అంచులు పట్టి దులిపి, నీడన ఆరేసి మడత పెడితే చాలు. ముడతలుంటే ఉండనీ, ఒంటి మీద గంటలో సర్దుకుంటాయి. గంజి లేని నూలు ఒంటి మీద నిలబడదు, జారి ఒదుగుతుంది. నడిచే మనిషి కదలికంతా కుచ్చిళ్లలో తెలుస్తుంది. ఆ అందం బిగుతు బట్టకు రాదు.

రేయాన్ కుర్తీల సంగతి వేరు. చేతికి జారిపోయేంత మెత్తగా ఉంటాయి, చెమటా పీలుస్తాయి. కానీ తడిసినప్పుడు రేయాన్ బలం తగ్గిపోతుంది, బండ మీద బాదితే నిలవదు, ఉతికితే పొట్టిదవుతుంది. కొనేటప్పుడు రెండంగుళాల పొడుగు ఎక్కువ చూసుకోవాలి. నూలు గుడ్డనైతే కోయక ముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. ఈ ఒక్క పని చేయక పాడైన డ్రెస్సులు నా బీరువాలోనే మూడున్నాయి.

ఇక నాడా గురించి. ఇది చెప్పకుండా నేను ఈ వ్యాసం ముగించలేను. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో వార్ధా, మధుబని వైద్యులు ఇద్దరు పెద్దవయసు స్త్రీల గురించి రాశారు. నడుము మీద ఏళ్ల తరబడి ఒకేచోట బిగించి కట్టిన ముడి ఒరిసి, పుండై, మానక, చివరికి చర్మ క్యాన్సరుగా మారింది. ఒకామెది లోపలి లంగా నాడా. రెండో ఆమె కట్టింది లుగడ, లోపల లంగా లేకుండా నేరుగా నడుముకు బిగించి. ఇంత దూరం పోవడం అరుదే. కానీ నడుము చుట్టూ నల్లటి గీత లేని చీరకట్టు ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారు? ఆ గీతను మనం ఎన్నడూ గాయం అనుకోలేదు. సన్నటి తాడు తీసేసి, రెండంగుళాల వెడల్పు నూలు పట్టీ కుట్టించండి. రోజూ ముడి ఒకేచోట వేయకండి. దురద, పొక్కు, మానని పుండు కనిపిస్తే వదులుగా కట్టుకుని డాక్టరుకు చూపించండి.

మా కుట్టుమెషీన్ చెల్లె దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. కొలత తీసేటప్పుడు ఆమె నన్ను నిటారుగా నిలబడనివ్వదు. "చెయ్యి లేపు అక్కా, పైన అల్మారిల డబ్బా అందుకున్నట్టు. ఇగ కూసో, కూర పెట్టినట్టు వంగు." చేయి లేపితే రైక ఎంత పైకి పోతుందో అప్పుడు తెలుస్తుంది. చంక కింద ఆకు ఆకారంలో చిన్న ముక్క వేసి కుడుతుంది. మన పాత రైకల్లో ఉండే ముక్కే అది, రెడీమేడ్ జాకెట్లలో కనిపించదు. ఆ అరచేతిలో సగం గుడ్డతో చేయి ఎటు తిప్పినా పట్టదు, చిరగదు. లోపల రెండు వైపులా అంగుళం గుడ్డ వదులుతుంది, ఒళ్లొస్తే విప్పుకోవడానికి. కుర్తీకి అడగకుండానే జేబు పెడుతుంది.

పత్తి ఏరేవాళ్లకూ ఒకటి కుట్టి చూపించింది. పాత నూలు చీరతో మణికట్టు దాకా చేతులు, మెడ మూసే పట్టీ, ముందు గుండీలు. చొక్కాలానే ఉంటుంది, కానీ భుజాలు జారవు, చేతులు వేలాడవు. అంచును మెడ దగ్గర వచ్చేలా కుట్టింది. వేసుకున్నావిడ ఆ అంచును పదేపదే తడిమి చూసుకోవడం నేను చూశాను.

ఇంట్లో నైటీ గురించి కూడా ఒక మాట. గాలి ఆడుతుంది, తొడుక్కోవడం సులువు. కానీ తలుపు చప్పుడైతే చున్నీ కోసమో టవల్ కోసమో పరుగెత్తాలి. పరుగెత్తాల్సిన బట్టలో సుఖం సగమే. అదే నూలు గుడ్డ, అదే వదులు ఉంచి, యెదకు కాస్త కుచ్చు, పక్కల జేబులు, కింద పైజామా వేస్తే పాలవాడొచ్చినా బిడ్డను బడి నుంచి తేవాలన్నా అలాగే బయటికి పోవచ్చు.

రంగులకు మన దగ్గర పేర్లు ఎంత బాగున్నాయో. ఉల్లిపొర రంగు, మామిడి చిగురు, చింతపిక్క, పాలపిట్ట, వంకాయ, నెమలికంఠం. రోజువారీకి నేను రెండే కలుపుతాను, ఒకటి లేతది, ఒకటి ముదురుది. ఉల్లిపొర రంగు కుర్తీకి చింతపిక్క రంగు పైజామా. మామిడి చిగురు చీరకు వంకాయ రంగు రైక. నల్లరేగడి దుమ్ములో తెల్లది నిలవదు, చింతపిక్క రంగు మరకను దాచుకుంటుంది.

అమ్మమ్మ పోయాక ఆమె ఇర్కల్ చీరల్లో రెండు బొంతలో కలిశాయి. మూడోది కొంగు చిరిగినా ఒళ్లు బాగుంది. ఎన్ని ఉతుకులు పడిందో లెక్కలేదు. గుప్పిట్లో పట్టుకుంటే బరువు తెలియదు. నా కొత్త కుర్తీకి అస్తర్‌గా వేయమని కుట్టుమెషీన్ దగ్గరికి పట్టుకుపోయాను. చెల్లె కత్తెర చేతిలోకి తీసుకుని, గుడ్డను చెంపకు ఆనించుకుంది. కత్తెర పక్కన పెట్టేసింది.

"దీన్ని లోపట ఎందుకు దాస్తం అక్కా, ఇదే పైన కుడత."