రెక్కలనిచ్చిన శిక్షణ

1941 జూన్‌లో జర్మను సేనలు సోవియట్ భూమిపై దండెత్తునాటికే ఆ దేశపు యువతులెందరో ఫ్లయింగ్ క్లబ్బులలో విమానము నడపుట నేర్చియుండిరి. 1938లో మాస్కోనుండి దూరప్రాచ్యమునకు ఎక్కడను దిగక పయనించిన ముగ్గురు వనితలలో నొకతెయగు మరీనా రస్కోవా, ఆ యువతులకు యుద్ధమున స్థానము కల్పింపుడని ప్రభుత్వమునకు విన్నవింపగా, 1941 అక్టోబరులోనే మూడు మహిళా రెజిమెంట్ల స్థాపనకు ఉత్తరువు వెలువడెను. వోల్గాతీరమందలి ఎంగెల్స్ పట్టణమున, ఏండ్ల చదువును మాసములలో ముగింపవలసిన కఠినశిక్షణ నడచెను.

ఆ మూడింటిలో బెర్షాన్‌స్కయా నాయకత్వమున వెలసిన 588వ రాత్రి బాంబరు రెజిమెంటు ప్రఖ్యాతి అసామాన్యము. వారికి దక్కిన పో-2 కొయ్యచట్రమునకు గుడ్డ తొడిగిన శిక్షణ విమానము. మందగమనమగుటచే పగలు ఎగురుట ప్రాణాంతకము, చీకటియే దానికి కవచము. పైకప్పులేని ఆసనములలో ముందు పైలట్టు, వెనుక నావిగేటరు మంచుగాలికి మొగమొడ్డి కూర్చుండి, లక్ష్యము సమీపింపగనే ఇంజను వేగము తగ్గించి, చప్పుడు లేక జారుచు వచ్చి బాంబులు విడిచి మరలెడివారు. యుద్ధమున అధికభాగము వారికి పారాచూట్లైన లేవు. దిగిన విమానమును చుట్టుముట్టి, కొంకర్లుపోవు వ్రేళ్లతో ఇంధనము నింపి, బాంబులు చేతులతో నెత్తి తగిలించి, అదే రాత్రి మరల మరల పంపిన మెకానిక్కులును స్త్రీలే. యుద్ధాంతమునకు ఆ రెజిమెంటు జరిపిన దాడులు ఇరువదిమూడు వేలకు పైబడినవి.

ఇట్టి అవకాశము మన దేశమున ఆలస్యముగా వచ్చినను, అది ఫలించినది తెలంగాణ గడ్డపైననే. 2016 జూన్ 18న హైదరాబాదు చెంత దుండిగల్ వాయుసేన అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు భారతదేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియుక్తులైరి. 2018 ఫిబ్రవరిలో అవని జామ్‌నగర్‌లో ఒంటరిగా నడపిన మిగ్-21 సోవియట్ శిల్పులు రూపొందించినదే.

రస్కోవా విన్నపము ఫలించుటకు హేతువు, శాంతికాలమున ఆ బాలికలకు అబ్బిన విద్య. నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలలలో ఎం.పి.సి. చదువు బాలికకు 2022 నుండి జాతీయ రక్షణ అకాడమీ ద్వారము తెరచియున్నది. వాయుసేన శాఖకు కోరునది ఆ గణిత భౌతిక రసాయనశాస్త్రములనే. కావున ఇంటర్మీడియట్‌తోనే కూతురి చదువు మాన్పింపనెంచు తల్లిదండ్రులు ఈ మార్గమును తెలిసికొనవలెను, ఉపాధ్యాయులు తెలుపవలెను. ధైర్యము ఆడుబిడ్డలకు కొఱతగాదు. కావలసినది సకాలమున నందు శిక్షణ.