పరికరం బాగానే ఉంది... డ్రైవరే లేదు!

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. పట్టాల మధ్య దూరం మారితే ఎంత మంచి ఇంజనైనా అక్కడ నడవదని రైల్వే కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే లైనులో అదే జరిగింది. 762 మిల్లీమీటర్ల న్యారోగేజ్ ఈ శతాబ్దంలో 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌గా మారింది. పాత ఇంజన్లకు ఆ దారి మూసుకుపోయింది.

పాటలు రికార్డు చేసే పరికరాలకూ ఇప్పుడు ఇదే చిక్కు వచ్చింది. మైకు నుంచి వచ్చే ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపే పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఒకప్పుడు స్టూడియోల్లో ఇవి ఎక్కువగా ‘ఫైర్‌వైర్’ కేబుల్‌తో పనిచేసేవి. 1995లో ఐఈఈఈ 1394 పేరుతో వచ్చిన ప్రమాణమిది.

దీని గొప్పతనం సమయపాలన. ఇది సెకనును 8,000 భాగాలు చేస్తుంది. ప్రతి భాగంలో 80 శాతం వరకు ధ్వని, వీడియోలకు ముందే కేటాయించవచ్చు. ఎక్స్‌ప్రెస్ రైళ్లకు వేళలు ఖాయం చేసి, మిగిలిన సమయంలో గూడ్సు బళ్లను పంపినట్టన్నమాట. అందుకే ధ్వని మధ్యలో తెగదు.

అయితే కేబుల్ ఒక్కటే చాలదు. పరికరం భాషను కంప్యూటర్‌కు వివరించే ‘డ్రైవర్’ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడల్లా దాన్నీ సరిచేస్తుండాలి. తయారీదారు ఆ పని మానేస్తే పరికరం మూలన పడుతుంది. 2025లో వచ్చిన మాక్‌ఓఎస్ టాహో ఫైర్‌వైర్‌కు మద్దతునే తీసేసింది. అడాప్టర్ తగిలించినా లాభం లేదు.

లైనక్స్‌లో పరిస్థితి వేరు. అక్కడ డ్రైవర్ల సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. జపాన్‌కు చెందిన తకాషి సకమోతో 2023లో ఫైర్‌వైర్ విభాగం నిర్వహణ చేపట్టారు. 2029 వరకు కొనసాగించి, ఆలోగా వినియోగదారులు కొత్త పరికరాలకు మారేలా చూడాలన్నది ఆయన ప్రణాళిక.

పాత పెట్టె ఉన్నవారు లైనక్స్ దాన్ని గుర్తిస్తుందేమో చూడవచ్చు. లేదా పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా రికార్డింగ్‌కే ఉంచుకోవచ్చు. కొత్తది కొనేవారు అది ‘యూఎస్‌బీ ఆడియో క్లాస్’ ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తుందో లేదో అడగాలి. అలాంటి పరికరానికి సాధారణంగా ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేదు. కంపెనీ చేతులెత్తేసినా, అది మూలన పడే అవకాశం తక్కువ.