సరిహద్దునందు కాగితముల సంచి

ఉద్యోగములకై దక్షిణాఫ్రికాలో కాపురముండు తెలుగు కుటుంబములు నేడు పెక్కు గలవు. పిల్లలకు సెలవులు రాగానే జొహానెస్‌బర్గునుండి జింబాబ్వేమీదుగా జాంబియా రాజధానియగు లుసాకాకు సొంతకారులో పోవలెనను కోరిక పుట్టుట సహజము. దారి పొడవైనను పోదగినదే. చిక్కంతయు రెండు సరిహద్దులయొద్ద గలదు. లింపోపోనదిపై బైట్‌బ్రిడ్జి మొదటిది. జాంబేజీనదిపై చిరుందు రెండవది. కారు నడపి అలసినవారికి ఏ కాగిత మెచ్చట పెట్టిరో జ్ఞప్తియుండదు. కావున కాగితముల సంచి గృహిణి చేతనుండుటయే మేలని నా యభిప్రాయము.

సోదరీమణులు ముఖ్యముగ గ్రహింపవలసిన దొకటి గలదు. సరిహద్దున మనుష్యులను చూచు అధికారులు వేరు, బండిని చూచు అధికారులు వేరు. పాస్‌పోర్టుపై ముద్ర పడినదిగదా యని కారెక్కరాదు. పరదేశపు కారును సుంకము కట్టకయే లోనికి తెచ్చి యమ్ముకొందురేమో యని ప్రతి ప్రభుత్వమునకును శంక గలదు. అందుచే సుంకపుటధికారులు బండికి కొంత గడువుతో తాత్కాలికానుమతి పత్రము నిత్తురు. దేశము విడుచునప్పుడు దానిని మరల వారికి చూపి, బండి వెడలిపోయినట్లు వ్రాయించుకొనవలెను. ఇది మరచినచో వారి లెక్కలలో ఆ కారు ఇంకను అచ్చటనే యున్నట్లు! తరువాతి ప్రయాణమున సుంకమో, జరిమానాయో మీద పడును.

మనదేశమునుండి కారును ఓడపై పంపి ఆ ఖండమంతయు తిరుగదలచువారికి ‘కార్నే’ యను పుస్తకము కావలెను. మోటారు సంఘములు ధరావతు పుచ్చుకొని దాని నిచ్చును. ఈజిప్టు వంటి దేశములలో అది లేనిదే బండిని రానీయరు. ప్రతి పుటయు మూడు భాగములు: ఒకటి ప్రవేశించునప్పుడు, ఒకటి వెడలునప్పుడు అధికారులు చించుకొందురు. మూడవది రెండు ముద్రలతో పుస్తకముననే నిలుచును. ఒక్క నిర్గమనముద్ర లోపించిన చాలును, ధరావతునకే ముప్పు.

చిరుందులో 2009వ సంవత్సరమునుండి ఒక సౌకర్యము గలదు. ఉత్తరముగా పోవువారు జింబాబ్వేవైపు ఆగనక్కరలేదు. వంతెన దాటి జాంబియావైపున నొకే భవనములో రెండు దేశముల పనులును ముగించుకొనవచ్చును. ఆఫ్రికాలో నిట్టి యేర్పాటు ఇదియే మొదటిదట. అయితే సౌకర్యములోనే పొరపాటునకును చోటు గలదు. ఇరుదేశములవారు నొకేచోట కూర్చుండుటచే, జింబాబ్వేవారియొద్ద బండిని వ్రాయించక నేరుగా జాంబియావారియొద్దకు పోవుట జరుగును. విడుచు దేశము ముందు, చేరు దేశము తరువాత. అనుమతి పత్రముపై ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య, గడువు తేదీ సరిగా నున్నవో లేవో గవాక్షమునొద్దనే చదివి చూడుడు. ఒక్క అంకె తప్పినను తిరుగుప్రయాణమున గంటలు పోవును.

సంచిలో నేమేమి యుండవలెను? కారు రిజిస్ట్రేషను పత్రము, బాకీ యున్నచో బ్యాంకువారి అనుమతిలేఖ, కారు ఇతరులదైనచో వారి ప్రమాణపత్రము. ఇతరులకు కలిగించు నష్టమునకై జింబాబ్వే, జాంబియా మొదలగు దేశములలో చెల్లు ‘పసుపు కార్డు’ అను భీమా గలదు. (మన పసుపుకుంకుమలకును దీనికిని సంబంధము లేదు!) సొంతకారుకు కలుగు నష్టము నది భరింపదు, దానికై ఇంటి భీమా కంపెనీ నడుగవలెను.

తల్లి యొక్కతెయే పిల్లలతో పోవునప్పుడు మిక్కిలి జాగ్రత్త వలయును. పిల్లలను దొంగిలించుకొనిపోవువారిని పట్టుటకై దక్షిణాఫ్రికా 2015లో కఠిన నియమములు చేసెను. తరువాత కొంత సడలించినను, తలిదండ్రుల పేర్లుగల జన్మపత్రమును, తండ్రి సమ్మతిలేఖను వెంట నుంచుకొనుట క్షేమము. ఇవి లేక పిల్లలతో గేటునొద్ద నిలిచిపోవుట యెంతటి దుస్థితియో చెప్పనక్కరలేదు.

బోట్స్వానామీదుగా పోవువారు పచ్చిమాంసము, పాలు ముందే ముగించుకొనుట మంచిది. పశువుల గాలికుంటువ్యాధి భయముచే వానిని తీసివేసి, చక్రములను, చెప్పులను మందునీటిలో తడిపింతురు.

బైట్‌బ్రిడ్జిలో కారు ఆగీ ఆగకముందే ‘మీ పని మేము చేసిపెట్టెద’మని కొందరు పరుగెత్తి వత్తురు. వారికి పాస్‌పోర్టు లీయరాదు. జింబాబ్వేలో రుసుములు కట్టుటకు అమెరికా డాలర్లు చిల్లరనోట్లుగా నుంచుకొని, ప్రతిదానికిని రశీదు పుచ్చుకొనుడు. రశీదు అడిగినచో దొంగరుసుము లనేకము మాయమగును. అధికారినొద్దకు పోగానే కాగితములు ముందుకు త్రోయక, ‘మాంగ్వనాని’ యని షోనాభాషలో శుభోదయము పలికి కుశలమడుగుట అచ్చటి మర్యాద. క్రిస్మసు, ఈస్టరు దినములలో మాత్రము ఎంత మర్యాదయు వరుసను తగ్గింపదు. ఆ దినములు తప్పించుకొనుడు.

చిరుందు దాటునప్పటికి ప్రొద్దు గ్రుంకినచో ఆ రాత్రి అచ్చటనే బసచేయవలెను. లుసాకా యింకను సుమారు 140 కిలోమీటర్లు. కొండదారిలో బరువులారీలు మెల్లగా నెక్కుచుండును. ఏనుగులు తిరుగు ప్రదేశము కూడ.