ప్యాంటును కొరికే కీలు

మనిషి మోకాలు మెత్తనిది. వంగినప్పుడు చర్మం కాస్త జరుగుతుంది, కండ ఒత్తిడిని పంచుకుంటుంది, పైనున్న బట్ట సాఫీగా జారిపోతుంది. కృత్రిమ కాలికి ఉండే లోహపు కీలుకూ, గట్టి తొడుగు అంచుకూ ఆ గుణం లేదు. అంతే బలం సన్నని అంచు మీద పడితే ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. నూలు దారమంటే పొట్టి పోగులను పురిపెట్టి కలిపినదే. రాపిడి తగిలినప్పుడల్లా కొన్ని పోగులు పైకి లేస్తాయి, కొన్ని తెగుతాయి, పురి వదులవుతుంది. ఇక దారం తెగడానికి ఎంతో కాలం పట్టదు.

ప్రయోగశాలల్లో బట్టల మన్నికను మార్టిండేల్ యంత్రంతో కొలుస్తారు. గుండ్రంగా కత్తిరించిన ముక్కను ఉన్నిగుడ్డ మీద రుద్దుతూ పోతారు. ఒంటిమీది బట్టలకైతే 9 కిలోపాస్కళ్ల ఒత్తిడి పెడతారు. నేతబట్టలో రెండు దారాలు తెగితే దాని పని అయిపోయినట్టే. ఆ యంత్రం రుద్దే దిశను ఎప్పటికప్పుడు మారుస్తుంది. కీలు మార్చదు. అడుగు వేసిన ప్రతిసారీ అదే చోట గీరుతుంది.

కృత్రిమ కాలే కాదు, వీల్‌చైర్‌ కూడా బట్టలను అరగదీస్తుంది. అందులో ఉన్నవారికి చొక్కా చేతులు చక్రాలకు రాసుకుంటాయి, ప్యాంటు వెనక భాగం సీటు మీద అరుగుతుంది.

యుద్ధంలో కాలు పోయినవారికి ప్రభుత్వం కాలు ఇచ్చింది సరే, ఆ కాలు చింపిన ప్యాంటు ఎవరు కొనాలి? అమెరికా 1972లో దీనికి చట్టంతో జవాబిచ్చింది. సైనిక సేవ వల్ల వైకల్యం కలిగి, దానికోసం వాడే పరికరం బట్టలను చింపుతుంటే, మాజీ సైనికులకు ఏటా 150 డాలర్లు ఇవ్వాలని నిర్ణయించింది. జీవన వ్యయంతో పాటు పెరుగుతూ ఇప్పుడది సుమారు 1,000 డాలర్లకు చేరింది. నెలనెలా అందే వైకల్య పరిహారానికి ఇది అదనం. నిజానికి చిన్న మొత్తమే. కానీ గాయం ఖర్చు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోదని ఒప్పుకున్న చట్టం అది, అందుకే దానికి విలువ.

ఒకే మనిషి రెండు పరికరాలు వాడితే? మొదట్లో అధికారులు ఏడాదికి ఒక్క భత్యమే అన్నారు. కాలి పట్టీ ప్యాంటును, వీల్‌చైర్ చొక్కాను పాడుచేస్తే నష్టం ఒకటెలా అవుతుంది? 2009లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, రెండు భత్యాలు కోరిన ఒక మాజీ సైనికుడి వాదనే సరైనదని తేల్చింది. 2011లో నిబంధనలు మారాయి. రెండు పరికరాలు కలిసి ఒకే రకం దుస్తులను మరింత త్వరగా అరగదీసినా ఇప్పుడు రెండు భత్యాలు వస్తాయి.

పరికరాలే కాదు, చర్మానికి రాసే మందులూ ఈ చట్టం కిందికి వస్తాయి. సోరియాసిస్‌కు వాడే డిత్రనాల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఊదా, గోధుమ రంగు పదార్థాలుగా మారుతుంది. ఆ మరక ఎంత ఉతికినా వదలదు. బెంజాయిల్ పెరాక్సైడ్ దీనికి విరుద్ధం, అద్దకపు రంగునే విరగ్గొట్టి బట్టను వెలిసిపోయేలా చేస్తుంది.

ఈ భత్యం కోసం చాలామంది ఏటా ఆగస్టు 1లోగా కొత్తగా దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చేది. పోయిన కాలు మళ్లీ మొలవదు కదా, ప్రతి ఏడూ ఈ రుజువులెందుకు? 2022లో చేసిన చట్టంతో ఆ అవస్థ తగ్గింది. ఒకసారి మంజూరైన భత్యం ఇక దానంతటదే కొనసాగుతుంది. మందుల విషయంలో మాత్రం నిబంధన ఇంకా పైదుస్తుల దగ్గరే ఆగింది. రాత్రి పూసుకున్న మందు లోదుస్తులకూ దుప్పట్లకూ అంటుతుంది, వాటినీ లెక్కలోకి తీసుకోవడమే న్యాయం.